డోర్నకల్: రైలు ఆగినందుకు పుట్టిన ఊరు

సికింద్రాబాద్‌లో రాత్రి బండెక్కి కొత్తగూడెం వెళ్లేవాళ్లకి డోర్నకల్ అంటే ఊరు కాదు, ఒక కుదుపు. మంచి నిద్రలో ఉంటాం. చక్రాల కింద టకటకమని ఒకదాని వెంట ఒకటి చప్పుళ్లు. బోగీ ఓసారి పక్కకి ఊగుతుంది. బండి మెయిన్ లైన్ వదిలేసి బొగ్గు లైన్లోకి తిరిగిందని అర్థం. ఇంకాసేపట్లో ఇల్లు. దుప్పటి మళ్లీ మీదికి లాక్కుని పడుకుంటాం.

కాలేజీలో నాలుగేళ్లు, ఉద్యోగంలో ఆరేళ్లు. పండక్కీ పబ్బానికీ ఇంటికెళ్తూ వస్తూ లెక్కేస్తే వందసార్లకు పైనే ఈ స్టేషన్ దాటాను. ఒక్కసారి కూడా దిగలేదు. విచిత్రం ఏంటంటే మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, ఇదే స్టేషన్‌లో పాయింట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు కొత్తగూడెంలో మాతోనే ఉంటాడు. నేను బండెక్కానని తెలిస్తే చాలు, తెల్లారగట్ల లేచి కూర్చుని ఫోన్ చేస్తాడు. ఎప్పుడూ ఒకటే ప్రశ్న. "డోర్నకల్ దాటినవారా?"

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఇంకో ప్రశ్న అడిగాడు. "ఇంతకీ నువ్వు చేసే పని ఏందిరా?"

నేను మామూలు తెలుగులో చెప్పడానికి ట్రై చేశాను. "ఆటోమేషన్ తాతయ్యా. గోదాముల్లో మనిషి నిలబడి చూసి టిక్కు పెట్టే పనులుంటాయి కదా. అవి మనిషి లేకుండా సాఫ్ట్‌వేరే చేసేలా ప్రోగ్రాం రాస్తాం."

కాసేపు ఆలోచించాడు. "అంటే మా కేబిన్ తీసేసింది మీవోళ్లే అన్నట్టు" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. తర్వాత తనే అన్నాడు, "ఓసారి డోర్నకల్ తీస్కపోరా. ఏం మిగిలిందో చూసొద్దాం."

ఫిబ్రవరిలో ఓ శనివారం తీసుకెళ్లాను. వెళ్లేముందు ఆ ఊరి గురించి దొరికినంత చదివాను. చదివే కొద్దీ ఒక విషయం అర్థమైంది. నేను నిద్రలో దాటేసింది స్టేషన్‌ను కాదు, తెలంగాణ చరిత్రలో ఒక పెద్ద మలుపుని.

మ్యాప్ ఓపెన్ చేయండి

ఫోన్‌లో మ్యాప్ తీసి కాజీపేట నుంచి విజయవాడ దాకా రైలు గీత పట్టుకుని కిందికి రండి. మొత్తం రెండొందల కిలోమీటర్లు. మహబూబాబాద్ (మా వాళ్లకి ఇప్పటికీ మానుకోటే), గుండ్రాతిమడుగు, గార్ల.. ఆ తర్వాత డోర్నకల్. ఇంకాస్త కిందికి వస్తే పాపటపల్లి, మల్లెమడుగు, ఖమ్మం. డోర్నకల్ దగ్గర మాత్రం గీత రెండుగా చీలుతుంది. ఒకటి దక్షిణంగా కృష్ణ వైపు, ఇంకొకటి తూర్పుగా కారేపల్లి మీదుగా కొత్తగూడెం, ఆపైన మణుగూరు వైపు. కారేపల్లి దగ్గర ఇంకో పాయ విడిపోయి ఇల్లందుకి పోతుంది.

2016 దాకా ఇది వరంగల్ జిల్లా. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. కానీ ఊరి ముఖం ఖమ్మం వైపే ఉంటుంది. చుట్టూ ఎర్ర చెలక, మధ్యమధ్యలో నల్లరేగడి. వరి, పత్తి, అన్నిటికీ మించి మిర్చి. మేం వెళ్లింది ఫిబ్రవరి కదా, కిటికీలోంచి చూస్తే కల్లాల్లో మిరపకాయలు ఎర్ర దుప్పట్లు పరిచినట్టున్నాయి. ఊళ్ల మధ్య లంబాడా తండాలు. డోర్నకల్ అసెంబ్లీ సీటు ఎస్టీ రిజర్వుడు అని చాలామందికి తెలిసే ఉంటుంది.

నీళ్ల సంగతి చూస్తే ఇదంతా మున్నేరు పరివాహకం. కాకతీయుల కాలంలో కట్టిన పాకాల చెరువు వైపు నుంచి వచ్చే నీళ్లు మున్నేరులో చేరి, ఖమ్మం పక్కగా పోయి చివరికి కృష్ణలో కలుస్తాయి. రైలు కూడా దాదాపు అదే దారి పట్టింది. నీళ్లు పల్లం వెతుక్కుంటాయి, రైలు కూడా ఎక్కువ ఎత్తుపల్లాలు లేని దారే వెతుక్కుంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. వరంగల్‌కి కోట ఉంది. ఖమ్మానికి ఖిల్లా ఉంది. భద్రాచలానికి గోదారి, రామయ్య ఉన్నారు. ఇల్లందుకి బొగ్గు ఉంది. డోర్నకల్‌కి ఏముంది? గీత చీలే చోటు, అంతే. ఆ ఒక్క చీలికే ఒక చిన్న పల్లెను ఊరిని చేసింది. మరి ఆ చీలిక ఎందుకొచ్చింది?

రైలు కంటే ముందే గొడవ

కథ 1883లో హైదరాబాద్‌లో మొదలవుతుంది. అప్పటికే వాడి నుంచి సికింద్రాబాద్ దాకా రైలుంది. 1874లో వచ్చింది. వాడి దగ్గర అది బొంబాయి–మద్రాసు లైన్‌కి కలుస్తుంది. దాన్ని వరంగల్ మీదుగా తూర్పుకి, అక్కణ్నుంచి ఒకవైపు చాందా (ఇప్పటి చంద్రపూర్) దాకా, ఇంకోవైపు బెజవాడ దాకా పొడిగించాలని ప్లాన్. పెట్టుబడి లండన్ షేర్‌హోల్డర్లది. వాళ్ల డబ్బుకి ఏటా 5 శాతం వడ్డీ వస్తుందని 20 ఏళ్లపాటు నిజాం సర్కార్ పూచీ పడాలి. రైలుకి లాభం వచ్చినా రాకపోయినా వాళ్ల వడ్డీ వాళ్లకి కట్టాల్సిందే. కంపెనీ పేరులోనే ఆ ముక్క ఉంది చూడండి: నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. గ్యారంటీ ఇచ్చేది ఖజానా. ఖజానా నిండేది రైతు కట్టే శిస్తుతో.

"ఈ ఒప్పందంలో ఏముందో జనానికి చెప్పండి" అని కొందరు చదువుకున్నవాళ్లు అడిగారు. వాళ్లలో ఒకాయన హైదరాబాద్‌లో కాలేజీ నడుపుతున్న అఘోరనాథ్ ఛటోపాధ్యాయ. మరొకాయన ముల్లా అబ్దుల్ ఖయ్యూం. ఆ అడిగిన పాపానికి అఘోరనాథ్‌ను 1883 మేలో రాజ్యం నుంచే వెళ్లగొట్టారు. కొన్నేళ్లకు తిరిగి రానిచ్చారు, అది వేరే సంగతి. ఆయన్ని పంపించేసినప్పుడు ఇంట్లో నాలుగేళ్ల కూతురుంది. ఆ పిల్లే తర్వాత సరోజినీ నాయుడు.

హైదరాబాద్ రాజ్యంలో జనం తరఫున నిలబడి సర్కార్‌ని ప్రశ్నించిన తొలి సందర్భాల్లో ఇదొకటి అని చరిత్రకారులు చెబుతారు. ఇప్పుడైతే ట్విట్టర్‌లో ట్రెండ్ అయ్యేది. అప్పుడు ఊరు విడిచి పోవాల్సి వచ్చింది. ఆ గొడవకి కారణమైన పట్టాల మీదే నేను పదేళ్లుగా నిద్రపోతూ వెళ్తున్నాను.

కాలిన రాయి

మరి అంత రిస్క్ చేసి రైలు ఎందుకు? ఒక్క మాటలో చెప్పాలంటే బొగ్గు.

సింగరేణి ఏరియాలో పెరిగిన ఎవర్ని అడిగినా ఈ కథ చెబుతారు. భద్రాచలం రాములవారి దర్శనానికి నడిచి వెళ్తున్న భక్తులు ఇల్లందు దగ్గర ఆగి, మూడు నల్లరాళ్లు పెట్టి పొయ్యి వెలిగించారట. కట్టెలతో పాటు రాళ్లూ అంటుకున్నాయట. ఇది కథే అనుకోండి. రికార్డుల్లో ఉన్నదేమంటే, 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని తేల్చాడు. అక్కడి ఒక బొగ్గు పొరని ఇప్పటికీ ఆయన పేరుతో కింగ్ సీమ్ అనే పిలుస్తారు. పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన గోండ్వానా కాలపు బొగ్గు అది. ప్రాణహిత, గోదావరి లోయ వెంట పట్టీలా పరుచుకుని ఉంది.

బొగ్గు దొరికిందని తెలిశాక కూడా పదిహేనేళ్లకు పైగా అది భూమిలోనే ఉండిపోయింది. ఎందుకంటే బొగ్గు బరువు. టన్నులకి టన్నులు ఎడ్లబండ్ల మీద తోలుకెళ్తే దాని ధర కంటే కిరాయే ఎక్కువవుతుంది. గని తవ్వాలంటే ముందు రైలు రావాలి. రైలు నడవాలంటే మళ్లీ బొగ్గే కావాలి. ఒకదానికొకటి డిపెండెన్సీ. మా భాషలో చెప్పాలంటే, రెండు మాడ్యూళ్లూ ఒకేసారి డెప్లాయ్ చేస్తే తప్ప ఏదీ పనిచేయదు.

అదే జరిగింది. 1886కి పట్టాలు వరంగల్ చేరాయి. అక్కణ్నుంచి డోర్నకల్ దాకా వచ్చి, 1888లో నేరుగా కృష్ణ వైపు పోకుండా ముందు ఇల్లందు గనుల వైపు తిరిగాయి. బెజవాడ లైన్ 1889 ఫిబ్రవరిలో గానీ పూర్తవలేదు. అంటే మనం బ్రాంచి లైన్ అనుకునేదే ముందు పుట్టింది. మెయిన్ లైన్ తర్వాత వచ్చిన తమ్ముడు. 1889లోనే ఇల్లందులో బొగ్గు తీయడం మొదలైంది.

ఇక్కడ కూడా అంతా సాఫీగా ఏం జరగలేదు. గనుల హక్కులు 1886లో లండన్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి ఇచ్చారు. ఆ వాటాల అమ్మకంలో గోల్‌మాల్ జరిగిందని గగ్గోలు లేచి, 1888లో బ్రిటిష్ పార్లమెంటే కమిటీ వేసి విచారించింది. నిజాం సర్కార్‌లో చక్రం తిప్పిన పెద్ద అధికారి అబ్దుల్ హక్ పదవి ఊడింది. ఆ కంపెనీ నుంచే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ వచ్చింది. ఇప్పుడది 51 శాతం తెలంగాణది, 49 శాతం కేంద్రానిది.

ఇంకో చిన్న ముచ్చట. సింగరేణి అనేది ఒక ఊరి పేరు. కారేపల్లి కేంద్రంగా ఉన్న మండలం పేరు ఇప్పటికీ సింగరేణి మండలమే. కంపెనీ గనులు గోదావరి వెంట ఆదిలాబాద్ దాకా పాకిపోయాయి గానీ పేరు మాత్రం ఇక్కడి పల్లెదే. అలాగే కొత్తగూడెం స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. గుడి అక్కడికి ఇంకా నలభై కిలోమీటర్లుంటుంది. దిగిన భక్తులు "గుడెక్కడ?" అని అడగడం మా చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే.

జంక్షన్ అంటే ఏంటి?

1929లో కాజీపేట–బల్లార్షా లైన్ పూర్తయ్యేసరికి డోర్నకల్ దశ తిరిగింది. అప్పటిదాకా హైదరాబాద్ నుంచి బెజవాడ దారిలో ఉన్న స్టేషన్ కాస్తా ఢిల్లీ–మద్రాసు దారిలోకి వచ్చింది. ఒకవైపు దేశం ఈ చివర నుంచి ఆ చివరకి పోయే బళ్లు, ఇంకోవైపు బొగ్గు వ్యాగన్లు. రెండూ ఈ చిన్న ఊళ్లో కలవాలి.

ఆవిరి ఇంజిన్‌కి ఎప్పుడూ ఆకలీ దాహమే. కొంత దూరం పోగానే నీళ్లు పట్టాలి, బొగ్గు వేయాలి, బూడిద దులపాలి. అందుకే ఆ రోజుల్లో బండి ఆగడమంటే రెండు నిమిషాల పని కాదు. ఆగినంతసేపు పనివాళ్లు కావాలి. పనివాళ్లకి క్వార్టర్లు కావాలి. వాళ్లకి బియ్యం, ఉప్పు, కూరగాయలు కావాలి. పిల్లలకి బడి కావాలి. దిగిన ప్రయాణికుడికి టీ, ఇడ్లీ కావాలి. డ్రైవర్, ఫైర్‌మన్, గార్డు, గ్యాంగ్‌మన్, పాయింట్స్‌మన్, టికెట్ బాబు, హమాలీ.. ఇలా ఒక్కొక్కరే చేరి ఊరు పెరిగింది. తెలుగు, ఉర్దూ, లంబాడా, కొంచెం ఇంగ్లిష్ కలిసిన రైల్వే భాష పుట్టింది. తాతయ్య ఇప్పటికీ గూడ్స్ బండిని "మాల్‌గాడీ" అనే అంటాడు.

ఆయన పని ఏంటో నాకు ఆ రోజు దారిలో పూర్తిగా అర్థమైంది. పాయింట్ అంటే పట్టాలు చీలేచోటు. బండి ఏ దారిలోకి వెళ్లాలో దాన్ని బట్టి అక్కడి పట్టాల నాలుకల్ని జరపాలి. కేబిన్‌లో మనిషంత ఎత్తు ఇనుప లీవర్లు వరసగా ఉంటాయి. లీవర్ లాగితే తీగలు, కడ్డీల ద్వారా దూరంగా ఉన్న పాయింటు కదులుతుంది, సిగ్నల్ రెక్క వాలుతుంది. "చేతుల బలంతో కాదురా, నడుం బలంతో లాగాలె" అన్నాడు.

సింగిల్ లైన్ మీదైతే ఇంకో పద్ధతి. రెండు స్టేషన్ల మధ్య ఒక్క బండే ఉండాలి. అందుకు టోకెన్ అని ఇనుప గుండు ఒకటి మెషీన్‌లోంచి తీసి డ్రైవర్‌కి ఇస్తారు. అది చేతిలో ఉంటేనే బండి కదలాలి. అవతలి స్టేషన్‌లో అది తిరిగి మెషీన్‌లో పడితే గానీ ఇంకోటి బయటికి రాదు. వింటూ వింటూ నేను గట్టిగా నవ్వేశాను. కోడింగ్ చేసేవాళ్లకి తెలుస్తుంది, ఇది అచ్చంగా మ్యూటెక్స్ లాక్! ఒకే వనరు మీద ఇద్దరు ఒకేసారి చెయ్యి వేయకుండా ఆపే తాళం. మేం సెకండియర్‌లో నెల రోజులు కుస్తీ పట్టిన కాన్సెప్ట్‌ని, తాతయ్య వెదురు రింగుకి కట్టి, నడుస్తున్న ఇంజిన్ లోకి అందించేవాడు.

దిగినవాళ్లలో ఒక బిషప్

రైలు తెచ్చింది పనివాళ్లనే కాదు. తిరునల్వేలి వైపు నుంచి వచ్చిన వి.ఎస్. అజరయ్య అనే తమిళాయన ఈ ఊరిని ప్రపంచ పటంలో పెట్టాడు. 1912 డిసెంబర్‌లో కలకత్తాలో ఆయన్ని డోర్నకల్ బిషప్‌గా ప్రకటించారు. ఆంగ్లికన్ చర్చిలో ఆ స్థానానికి ఎదిగిన తొలి భారతీయుడు ఆయనే. అప్పటిదాకా బిషప్ అంటే తెల్లదొరే. ఆ గోడ పగిలింది ఢిల్లీలోనో మద్రాసులోనో కాదు, నిజాం రాజ్యంలోని ఓ రైల్వే ఊరి పేరు మీద.

ఆయన తెలుగు నేర్చుకున్నాడు. ఎడ్లబండి మీద, సైకిల్ మీద పల్లెలన్నీ తిరిగాడు. ఆయన చుట్టూ చేరినవాళ్లలో ఎక్కువమంది దళితులు. బడులు, శిక్షణ తరగతులు నడిచాయి. డోర్నకల్ మిషన్ ప్రెస్ అని అచ్చు యంత్రం కూడా వచ్చింది. పల్లెటూళ్లో పుస్తకాలు అచ్చయ్యేవి! వేరే చోట కాకుండా ఇక్కడే ఎందుకంటే.. మ్యాప్ చూస్తే నాకైతే జవాబు దొరికినట్టే అనిపించింది. మూడు వైపులకీ రైలుంది. కాగితం రావాలన్నా, మనుషులు పోవాలన్నా జంక్షన్ కంటే మంచి చోటేముంది?

ఆయన కట్టించిన కేథడ్రల్ తప్పక చూడాల్సింది. 1930ల ఆర్థిక మాంద్యంలో డబ్బుల్లేక పని సాగిసాగి 1939 జనవరిలో ప్రారంభమైంది. దూరం నుంచి గుమ్మటాలు, మినార్లు చూస్తే మసీదు అనుకుంటాం. లోపలి స్తంభాలు చూస్తే గుడి మండపంలా ఉంటుంది. అది చర్చి. బయటి దేశపు నమూనా తెచ్చి నిలబెట్టకుండా ఈ నేల మీద ఉన్నవన్నీ కలిపి కట్టారు. 1945 జనవరి 1న ఆయన ఈ ఊళ్లోనే కన్నుమూశాడు.

తాతయ్య చర్చికి వెళ్లేవాడు కాదు గానీ ఆ ఆవరణలో చెట్ల కింద కూర్చోవడం ఇష్టమట. "నైట్ డ్యూటీ దిగి, పొద్దుగాల ఇక్కడ గాలికి కూసుంటే నిద్ర అట్లనే పట్టేది" అన్నాడు. ఆ రోజు కూడా ఓ పది నిమిషాలు కూర్చున్నాం.

ఆగనవసరం లేని రోజులు

ఆ తర్వాతి కథని సాఫ్ట్‌వేర్ వాళ్లం మనం గొప్పగా చెప్పుకుంటాం. ఎఫిషియెన్సీ కథ.

1930లో నిజాం సర్కార్ రైల్వేను కొనేసింది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. ఆవిరి పోయి డీజిల్ వచ్చింది. 1995 కల్లా దేశంలో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజిన్ల కథ ముగిసింది. డీజిల్‌కి దారిపొడవునా నీళ్లు అక్కర్లేదు. కరెంట్ ఇంజిన్‌కి అసలు ఏదీ నింపక్కర్లేదు. లీవర్ కేబిన్ల స్థానంలో మొదట బటన్ల ప్యానెళ్లు, తర్వాత ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వచ్చాయి. టోకెన్ గుండ్లు మూలకు పడ్డాయి. ప్రతి మార్పూ మంచిదే. ప్రమాదాలు తగ్గాయి, స్పీడు పెరిగింది, బొగ్గు పొగ పీల్చే బాధ పోయింది. ఆవిరి ఇంజిన్ ఫైర్‌మన్ పని ఎలాంటిదో విన్నవాళ్లెవరూ ఆ రోజులు మళ్లీ రావాలని కోరుకోరు.

కానీ ప్రతి మార్పుతోనూ ఈ ఊళ్లో ఆగాల్సిన కారణం ఒకటి తగ్గింది. ఇప్పుడు సికింద్రాబాద్–విశాఖ వందేభారత్ ఇదే పట్టాల మీద పోతుంది. వరంగల్‌లో ఆగుతుంది, ఖమ్మంలో ఆగుతుంది. డోర్నకల్‌లో ఆగదు. పక్కనే మూడో లైన్ పనులు సాగుతున్నాయి. బళ్లు ఇంకా పెరుగుతాయి. ఆగేవి ఎన్ని అన్నదే ప్రశ్న.

అలాగని ఈ ఊళ్లు లెక్కలో లేనివేం కాదు. 2024 సెప్టెంబర్ మొదట్లో కురిసిన వానలు గుర్తున్నాయా? మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె–కేసముద్రం మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడిన ఫొటోలు అందరి ఫోన్లలో తిరిగాయి. ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య కొన్ని రోజులపాటు బళ్లు రద్దయ్యాయి, దారి మళ్లాయి. అదే వానలకి మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలు మునిగాయి. దేశం వేగం ఎంతైనా, అది ఇలాంటి ఊళ్ల పక్కన ఉన్న వాగులూ చెరువు కట్టలూ సరిగ్గా ఉంటేనే నిలుస్తుంది. పేరు కూడా చదవకుండా దాటిపోయే స్టేషన్ల మీదే మన టైమ్‌టేబుల్ ఆధారపడి ఉంది.

"మా లీవర్లూ ఒప్పుకునేటివి కావు"

కేథడ్రల్ నుంచి తిరిగి స్టేషన్‌కి వచ్చేసరికి ఎండ తగ్గింది. తాతయ్య ప్లాట్‌ఫామ్ చివరిదాకా నడిచి, పాత కేబిన్ ఎక్కడుండేదో చేత్తో చూపించాడు. తను దిగి టీ తాగిన చోటు, వానాకాలం రాత్రి లాంతరు ఆరిపోతే భయపడ్డ చోటు. నాకు కంకర తప్ప ఏం కనిపించలేదు. ఆయనకి అన్నీ కనిపిస్తున్నాయి.

పాత స్టాఫ్ అని చెప్పగానే డ్యూటీలో ఉన్న కుర్రాడు, నా వయసే ఉంటుంది, నమస్తే పెట్టాడు. లోపలికి రానివ్వడం కుదరదన్నాడు గానీ గుమ్మం దగ్గర్నుంచే స్క్రీన్ చూపించాడు. ఎర్ర, పచ్చ, పసుపు గీతలు. యార్డు మొత్తం ఆ తెర మీదే ఉంది. తాతయ్య చాలాసేపు చూశాడు.

"తొందర్ల తప్పు రూట్ నొక్కితే?"

"తీసుకోదు పెద్దాయనా. రెండు బళ్లు ఎదురయ్యే రూట్ అయితే సిస్టమే ఒప్పుకోదు."

తాతయ్య మొహం వెలిగింది. "మా లీవర్లూ ఒప్పుకునేటివి కావు. ఒకటి లాగితే దానికి అడ్డం వచ్చేటిది బిగుసుకపోయేది. నువ్వు వేలాడినా కదలదు."

ఆ మాటతో నాకు సంక్రాంతి నుంచి గుచ్చుకుంటున్న ముల్లు కొంచెం కదిలింది. పాత కేబిన్లలో లీవర్ల కింద ఇనుప పలకలు, గాడులు ఉండేవి. ఏ లీవర్ లాగితే ఏది బిగుసుకోవాలో ఆ గాడుల్లోనే కోసి పెట్టేవాళ్లు. ఇది నిజమైతే అది కుదరదు, అది కుదిరితే ఇది నిజం కావాలి.. ఇనుములో రాసిన ప్రోగ్రామే అది. ఈ తెర వెనకాల నడుస్తున్న కోడ్‌లో ఉన్నదీ అదే నియమం. లీవర్ పోయింది గానీ దాని తెలివి పోలేదు. దాన్ని మావాళ్లు కొత్త భాషలోకి ఎక్కించారు, అంతే.

అయితే పూర్తిగా ఊరట పడలేదు. తెలివి కోడ్‌లోకి ఎక్కింది సరే. ఆ లీవర్ల చుట్టూ బతికిన క్వార్టర్లు, టీ బంకులు, బడులు.. అవి ఏ కోడ్‌లోకీ ఎక్కవు. సోమవారం ఆఫీసుకి వెళ్లాక మా ప్రాజెక్ట్ మీటింగ్‌లో మొదటిసారి ఒక ప్రశ్న అడిగాను. మనం రాసే ఈ ప్రోగ్రాం వచ్చాక, టిక్కు పెట్టే ఆ మనిషి ఏం చేస్తాడు? ఇంకో పని నేర్పించే ప్లాన్ ఏమైనా ఉందా? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా లీడ్ "కనుక్కుందాం" అన్నాడు. కనుక్కుంటున్నాం. ఇంకా జవాబు రాలేదు. నేను అడగడం మానలేదు.

మీరూ వెళ్తారా?

డోర్నకల్ టూరిస్ట్ స్పాట్ కాదు. సెల్ఫీ పాయింట్లు లేవు. కానీ ఖమ్మం నుంచి పాతిక కిలోమీటర్ల లోపే. పొద్దున బండెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. కేథడ్రల్ చూడండి, ఆదివారమైతే ప్రార్థన టైమ్ చూసుకుని వెళ్లండి. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి, ఒకే స్టేషన్ నుంచి రెండు దిక్కులకి చీలే పట్టాల్ని చూడండి. ఫిబ్రవరి, మార్చిలో వెళ్తే మిర్చి కల్లాలు బోనస్. స్టేషన్ దగ్గర పెద్దవాళ్లెవరైనా కూర్చుని ఉంటే పలకరించండి. పాత రైల్వే మనిషి అయితే మీ తిరుగు బండి మిస్సయ్యే అవకాశం ఉంది, జాగ్రత్త.

మేం తిరుగు బండి కోసం బెంచీ మీద కూర్చున్నప్పుడు ఓ ఎక్స్‌ప్రెస్ ఆగకుండా దూసుకుపోయింది. దుమ్ము, గాలి, చెవులు గింగుర్లెత్తే చప్పుడు. నేను ఫోన్ తీసేలోపే వెళ్లిపోయింది. పక్కకి చూస్తే తాతయ్య లేచి నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి పైకెత్తి, పచ్చజెండా పట్టుకున్నట్టు, చివరి బోగీ దాటేదాకా అలాగే.

"అలవాటురా" అని కూర్చున్నాడు.

ఆ రాత్రి నేను హైదరాబాద్ బండెక్కాను. డోర్నకల్ వచ్చేసరికి మేలుకునే ఉన్నాను. కుదుపు వచ్చింది. ఈసారి తాతయ్య ఫోన్ రాకముందే నేనే చేశాను. "దాటుతున్నా తాతయ్యా."